చెంబెడు నీళ్ళ రుసుము

ఉదయగిరి దుర్గాన్ని ఏలిన రాజులు, నవాబులు ఎందరో ఉన్నారు. ఆ వరుసలో చిట్టచివరివాణ్ణి నేను. వారికి కొండమీద కోట ఉండేది; నాకు కొండకింద పంచాయతీ ఆఫీసులో ఒక గది ఉండేది. వారికి గజబలం, అశ్వబలం ఉండేవి. నాకు ఒక రేడియో పెట్టె, దానికి బ్యాటరీ, ఆఫీసు కప్పుమీద ఒక లౌడుస్పీకరు గొట్టం ఉండేవి. వారి ఆజ్ఞ ఎంతదూరం చెల్లేదో చరిత్రకారులు తేల్చుకోవలసిందే గాని, నా గొట్టం మోగితే మసీదు వీధి మొదలుకొని బస్సులు ఆగే చోటు వరకు వినపడేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. తేడా ఒక్కటే. వారిని పదవీభ్రష్టుల్ని చేయడానికి శత్రువులు ఫిరంగులతో రావలసి వచ్చేది. నన్ను మూడు నెలలకొకసారి గోడమీది క్యాలెండరే పదవీభ్రష్టుణ్ణి చేసేది.

ఏమంటే, నా ఉద్యోగం తాత్కాలికం. రేడియోల శాఖవారు మూడు నెలలకొక ఆర్డరు పంపేవారు. వస్తే నేను రేడియో రామనారాయణగారిని. రాకపోతే, కొట్లో కూర్చోక చదువులు చదివి చెడిపోయిన శెట్టిగారి కొడుకును.

నేను చెప్పబోయేది ఆంధ్రరాష్ట్రం పుట్టిన ఏటి ముచ్చట. ఆ యేడు మా ఇంట్లోనూ ఒక పుట్టుక జరగవలసి ఉండింది. నా భార్య సుబ్బరత్నమ్మ ఎండాకాలం మొదట్లో నెల తప్పింది. ఆ శుభవార్త విన్న క్షణంలో తండ్రులందరూ ఏమి ఆలోచిస్తారో నాకు తెలియదు. నేను మాత్రం ఒక బిడ్డ పుట్టడానికి మూడు ఆర్డర్లు కావాలని ఆలోచించాను. మొదటిది చేతిలో ఉంది. రెండవది ఆషాఢం ఎండల్లో చెమటలు కక్కుకుంటూ వచ్చింది. మూడవది రావలసిన నాటికి మద్రాసు మద్రాసుగానూ ఆంధ్ర ఆంధ్రగానూ విడిపోతాయని నా రేడియోయే నాకు చెప్పింది. తన కాపలాదారు ఎటు పోతాడన్న సంగతి మాత్రం అది చెప్పలేదు.

ఆ సంగతి కనుక్కోవడానికి షంషుద్దీన్ నడిపే బస్సెక్కి ఆత్మకూరు పోయాను. అక్కడ బట్టలకొట్టు మీది మేడగదిలో మా సూపర్వైజరు మల్లికార్జునంగారు, చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చిన మూగ రేడియోల మధ్య, పొట్టలు విప్పిన పెట్టెల మధ్య కొలువుదీరి ఉండేవారు.

"ఏందయ్యా రామనారాయణా, నువ్వొచ్చి నన్నడిగితే నేను పోయి ఎవర్ని అడిగేది?" అన్నారాయన, నేను నోరు విప్పకముందే. "రేడియోలు మద్రాసు సొత్తా, ఆంధ్ర సొత్తా అని పైన తగువు నడస్తా ఉండాది. పెట్టెల్ని పంచుకుంటారు, బాగానే ఉండాది. మనుషుల్ని గూడా పంచుకోవాలని ఎవరికీ గుర్తొచ్చినట్టు లేదు."

"సెప్టెంబరు తర్వాత ఏమవుతాది సార్?"

"సెప్టెంబరు తర్వాత అక్టోబరు వస్తాది. అంతవరకు నాకు తెలుసు."

నా ముఖం చూసి ఆయనకు జాలి కలిగింది కాబోలు, గొంతు తగ్గించారు. "ఒక మాట విన్నాను. చేతులు మారేముందు నన్ను ప్రతి పెట్టెనూ చూసి రమ్మంటారంట. పలికే పెట్టెను ఉన్నచోటే ఉంచి, చూసుకునే మనిషితో సహా కొత్త ప్రభుత్వానికి అప్పజెప్పేది. పలకని పెట్టెను బస్సుకెత్తి ఇక్కడికి తెచ్చేది. మనిషిని ఇంటికి పంపేది."

"మరి మీ సంగతి సార్?"

ఆయన చేతిలోని వాల్వు మీది దుమ్మును ఉఫ్ మని ఊదారు. "నేను పలికే పెట్టెనో మూగపెట్టెనో, చూసి చెప్పేదానికి ఎవరూ రాలేదు ఇంకా."

ఇంటికి వచ్చేసరికి సుబ్బరత్నమ్మ గడపలో కూర్చొని గోంగూర ఒలుస్తున్నది.

"ఏమన్నారు?"

"బ్రహ్మాండమైన కబురు! పెట్టె పలికితే చాలునంట. నా ఉద్యోగానికి ఢోకా లేదు."

"పలక్కపోతే?"

"ఎందుకు పలకదు? నిన్న పలికింది, మొన్న పలికింది."

ఆమె ఆకులు దులిపి చేటలో వేసింది. "వాన కబురు చెప్పే ఆయనకూ మీకూ ఏమన్నా చుట్టరికం ఉండాదా?"

ఆ ప్రశ్నకు కారణం ఉంది. ప్రతి సాయంత్రమూ వార్తల చివర వాతావరణ సూచన వచ్చేది. జిల్లాలో ఒకటి రెండు చోట్ల జల్లులు పడవచ్చునని ఆ గంభీరస్వరం ఎండాకాలమంతా అభయమిస్తూనే ఉండింది. ఆ ఒకటి రెండు చోట్లు ఏ పుణ్యాత్ముల ఊళ్ళో గాని, వాటిలో ఉదయగిరి ఎన్నడూ లేదు. అయినా ఆ స్వరం మరునాడు అదే నమ్మకంతో అదే మాట చెప్పేది. ఆశావాదంలో నాకు గురువంటూ ఉంటే ఆయనే. మా ఇద్దరి మాటా సుబ్బరత్నమ్మ ఒకే విధంగా వినేది. చిన్న నవ్వుతో, పూర్తిగా నమ్మకుండా.

ఇంటి గడప దాటి రేడియో దగ్గరకు ఆమె ఏనాడూ రాలేదు. మొగుడు పనిచేసే చోట పెళ్ళాం పోయి కూర్చోవడం మర్యాద కాదని ఆమె మతం. గొట్టం నుంచి గాలికి కొట్టుకొచ్చిన పాటలను గడపలోనే వినేది. మరునాడు "మీ రేడియో నిన్న తొందరగా మూసేసినారే" అనేది. మన రేడియో అని ఆమె నోట నేను వినలేదు.

ఇక్కడ శాస్త్రసంబంధమైన రహస్యం ఒకటి చెప్పాలి. రేడియోకు ఆకాశంతోనే పని అని లోకం అనుకుంటుంది. అది సగం సత్యం. పెట్టెనుంచి ఒక తీగ వాసం ఎక్కి ఆకాశానికి పోతే, ఇంకొక తీగ గోడ దిగి భూమిలోకి పోతుంది. అక్కడ ఒక గుంటలో రాగిరేకు, బొగ్గులు, ఉప్పు వేసి పూడ్చి ఉంటాయి. దాన్ని మేము ఎర్తు అంటాము. ఆ గుంట ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండిందా, పెట్టె గొంతు గరగరమంటుంది. బెజవాడలో పాడే పాట ఉదయగిరికి వచ్చేసరికి వేరుశనక్కాయలు వేయిస్తున్నట్టుంటుంది. దివినుంచి దిగివచ్చే వాణికి సైతం భువిలో కాళ్ళు తడపవలసిందే.

మామూలు ఏడైతే రోజూ ఒక బిందె నీళ్ళు అందులో నేనే పోసేవాణ్ణి. ఆ యేడు వానలు ముఖం చాటేశాయి. బావుల్లో చేంతాడుకు ముడి వేసి పొడుగు చేసుకునే కాలం వచ్చింది. బిందె నీళ్ళు పోస్తే ఊరు నన్ను పోయనిచ్చేది కాదు. పోయకపోతే పెట్టె పలికేది కాదు. అప్పుడు నేను నా ఏలుబడిలోకెల్లా ప్రసిద్ధమైన శాసనం జారీ చేశాను. రేడియో వినవచ్చేవారు తలా ఒక చెంబు నీళ్ళు తేవాలి. బియ్యం కడిగిన నీళ్ళైనా సరే, చేతులు కడిగిన నీళ్ళైనా సరే. ఎర్తుకు ఎంగిలి లేదు.

ఊరు నవ్వింది, తరువాత తెచ్చింది. సందెవేళ చెంబులూ ముంతలూ పట్టుకొని జనం బారులు తీరి వస్తుంటే, కప్పం చెల్లించవచ్చిన సామంతరాజుల్లాగా ఉండేవారు. ఆఫీసు గోడను ఆనుకొని రహీమాబీ ఇల్లు. ఆ ముసలమ్మ మరొక ఏర్పాటు చేసింది. సందెవేళ చేసే మగ్రిబ్ నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూను ఎర్తు గుంట పక్కన రాయివేసుకొని అక్కడే చేయడం మొదలుపెట్టింది.

"నా నమాజుకు నమాజు, నీ పెట్టెకు దాహం. ఇద్దరికీ సరిపోయిందిలే నాయనా," అనేది. అందుకు ప్రతిఫలంగా ఆమె నమాజు ముగిసి, తలుపు తీసి, "ఇంక పాడించుకో" అనేదాకా నేను పెట్టె తెరిచేవాణ్ణి కాదు. రెండు రాజ్యాల మధ్య అంతకంటే నిష్ఠగా నెరవేరిన ఒడంబడికను నేను చరిత్రలో చదవలేదు.

భాద్రపదం వచ్చింది. మేఘం రాలేదు. ఒకనాటి సాయంత్రం కామమ్మ అనే కూలిమనిషి సగం చెంబు నీళ్ళు, ఒక్క చుక్క తొణక్కుండా, పాలు తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకొని తెచ్చింది.

"ఇంతే ఉండాయయ్యా. బిడ్డకు ఎత్తిపెట్టిన వాటిల్లో సగం. పాట బాగా వినపడితే అది పండుకుంటాదని తెచ్చినాను."

నేను ఆ చెంబు ఆమె చేతికే తిరిగి ఇచ్చాను. ఆనాడే నా శాసనాన్ని నేనే రద్దు చేశాను. ఎవరూ నీళ్ళు తేవద్దు, పలికినంత పలుకుతుంది అన్నాను. రహీమాబీ కూడా, నీళ్ళు దొరకనప్పుడు మట్టిని తాకి శుద్ధి చేసుకోవచ్చునని తన మతం చెప్పిన మార్గానికి మళ్ళింది. ఎర్తు గుంట మీది మన్ను తెల్లబడి నెర్రెలు విచ్చింది. పెట్టె గొంతు రోజురోజుకూ బొంగురుపోయింది. నేను మాత్రం రోజూ వాతావరణ సూచన వినేవాణ్ణి. ఒకటి రెండు చోట్ల జల్లులు పడవచ్చును.

సుబ్బరత్నమ్మకు ఏడవ నెల వచ్చింది. తొలి పురుడు పుట్టింట్లో పోయాలి గనుక, ఆమె అన్న రత్తయ్య కలిగిరినుంచి చెల్లెల్ని తీసుకుపోవడానికి వచ్చాడు. కలిగిరిలో వేరుశనక్కాయలకూ మిరపకాయలకూ అతనిదే పెద్ద మండీ. దారిలో పరాయి నీళ్ళు తాగడు గనుక, ఎక్కడికి పోయినా మూత బిగించిన కంచు మరచెంబు చంకన వేలాడుతూ ఉండేది. నా నట్టింట్లో చాపమీద కూర్చొని, విసనకర్రతో విసురుకుంటూ దండయాత్ర మొదలుపెట్టాడు.

"ఏం బావా, రాష్ట్రం చీలతాంటే నీ పెట్టె ఎవరి వాటాకొచ్చింది?"

"ఎవరి వాటాకొచ్చినా నేను దానితోనే గదా బావా."

"నిన్ను వాటాల్లో రాసుకున్నారా అని అడగతా ఉండా."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకే చప్పగా తోచింది.

"ఇట్టా చూడు," అన్నాడు రత్తయ్య, ఈసారి ఎకసెక్కం లేకుండా. "పురిటికి పోయిన చెల్లెల్ని మళ్ళీ ఈ రాళ్ళ కిందికి ఏ ధైర్యంతో పంపేది? నువ్వూ వచ్చెయ్. మండీలో కూచో. చదువుకున్నోడివి, నలుగురు మర్యాద చేస్తారు. రాష్ట్రాలు చీలతాయి గానీ, కాటా చీలేది కాదు."

అతడు మంచివాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే ఎదురుచెప్పడానికి నాకు పద్యాలు తోచేవి. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సుబ్బరత్నమ్మ వింటున్నదని తెలిసింది. నేను లేచి లోపలికి పోయాను. ఎండాకాలమంతా ఆమెకు శుభవార్తలే మోసిన నోటితో, "నేను గూడా వస్తాలే" అన్నాను.

"ఎక్కడికి?"

"కలిగిరికి. మీ అన్న చెప్పింది బాగానే ఉండాది."

ఆమె నావంక చూసింది. నేను రోజూ చెప్పే బ్రహ్మాండమైన కబుర్లలో ఒక్కదాన్నీ ఆమె అంత శ్రద్ధగా వినలేదు. "అయితే సాయంత్రం మీ పెట్టెను ఎవరు తెరుస్తారు?" అని మాత్రం అడిగింది.

ఆ మధ్యాహ్నమే షంషుద్దీన్ బస్సునుంచి మల్లికార్జునంగారు దిగారు. ఆయన విన్న మాట నిజమైంది. పెట్టెల్ని చూడ్డానికి బయలుదేరారు. "పొద్దున బస్సులో నాకొక చోటు, పక్కన ఇంకో చోటు ఉంచు షంషుద్దీన్. పెట్టె ఎక్కించాల్సి వస్తాదేమో," అన్నారు. షంషుద్దీన్ నావంక ఒకసారి చూసి, "చోటుకేముంది సార్, దేవుడు ఇంకో ఆలోచన చేస్తే ఖాళీగానే పోతాది," అన్నాడు.

సందెవేళకు ఊరంతా చేరింది, ఉత్త చేతులతో. రత్తయ్య సైతం కాలక్షేపానికి వచ్చి, మరచెంబు ఒళ్ళో పెట్టుకొని అరుగుమీద కూర్చున్నాడు. రహీమాబీ తలుపు తీసి "పాడించుకో నాయనా" అన్నది. ఆ మాటలో మామూలు ధైర్యం లేదు. నేను తాళం తీసి పెట్టె మీట తిప్పాను.

బొంగురు. గరగర. మధ్యలో ఎక్కడో, ఏడు సముద్రాల ఆవల మునిగిపోతున్నవాడెవడో వార్తలు చదువుతున్నట్టుంది.

మల్లికార్జునంగారు పెట్టె వెనక్కు పోయి చెవిపెట్టారు. బ్యాటరీ చూశారు, వాల్వులు చూశారు. బయటికి వచ్చి, ఎర్తు గుంట దగ్గర గొంతుకూర్చొని నెర్రెల్లో వేలు పెట్టారు.

"లోపలంతా బాగానే ఉండాదయ్యా. ఇది ఎండిపోయింది."

"అవును సార్."

"నీళ్ళు లేవా?"

"తాగేదానికే లేవు సార్."

ఆయన వేలికంటిన మన్ను దులుపుకున్నారు. "నన్నేమి రాయమంటావు?"

"వినపడిందే రాయండి సార్," అన్నాను. అన్న తరువాత నాకు భయంకూడా వేయలేదు. ఆశ అనే సరుకు నా కొట్లో నిండుకోవడం అదే మొదటిసారి. అది లేనప్పుడు మనిషి ఎంత తేలికగా ఉంటాడో, ఎంత ఖాళీగా ఉంటాడో అప్పుడు తెలిసింది.

వెనక జనం కదిలారు. దారి ఇస్తున్నారు. చూస్తే సుబ్బరత్నమ్మ. తలమీదుగా కొంగు కప్పుకొని, నిండు ఇత్తడి చెంబును కడుపుకు ఆనించి పట్టుకొని, నిదానంగా నడిచి వస్తున్నది. ఆమె నావంక చూడలేదు. మొగుణ్ణి నలుగురిలో పలకరించడం కూడా మర్యాద కాదేమో. నేరుగా రహీమాబీ దగ్గరకు పోయి,

"అవ్వా, ఎక్కడ పొయ్యాల?" అని అడిగింది.

రహీమాబీ చేయిపట్టి తీసుకుపోయి చూపించింది. సుబ్బరత్నమ్మ ఒక చేత్తో గోడ పట్టుకొని, ఆయాసపడుతూ, వజూ రాయిమీద కూర్చున్నది. పసిబిడ్డ మాడుమీద పోసినట్టు, సన్నటి ధారగా, గుంటలో నీళ్ళు పోయసాగింది.

"రత్నా! తాగే నీళ్ళు గదా అవి!" అని అరిచాడు రత్తయ్య అరుగుమీదనుంచి.

"అవునన్నా. ఊరికే వినకూడదంట. రుసుం కట్టాలంట," అన్నది ఆమె, చెంబు వంచడం ఆపకుండా.

మన్ను ఆ నీళ్ళను శబ్దంతో పీల్చింది. పెట్టెలో మునిగిపోతున్నవాడు ఒకసారి తల పైకెత్తాడు: "...ఇక బజారు ధరలు..." మళ్ళీ మునిగాడు. రహీమాబీ లోపలికి పోయి తన చెంబు తెచ్చింది. కామమ్మ లేచి ఇంటివైపు నడిచింది. మరొక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఆమె వెంట పోయారు.

"...వేరుశనక్కాయలు, పుట్టి..." గరగర.

రత్తయ్య దిగ్గున లేచాడు. "ఎంత? పుట్టి ఎంతన్నాడు?"

"వినపళ్ళా శెట్టీ," అన్నాడు షంషుద్దీన్. "తర్వాత మిరపకాయలు చెప్తాడు. అదీ వినపడదు."

రత్తయ్య పెట్టెను చూశాడు, గుంటను చూశాడు, ఒళ్ళోని మరచెంబును చూశాడు. కలిగిరి మండీ చరిత్రలో అంతటి అంతర్మథనం మునుపు జరిగి ఉండదు. తరువాత ఒక్క గెంతున అరుగు దిగి, మర విప్పి, మూడు తరాల మడి నీళ్ళను చెల్లెలి చెంబు పక్కనుంచి గుంటలోకి గుమ్మరించాడు.

"పొయ్యండబ్బా! ఇంకా ఎవరన్నా పొయ్యండి!"

కామమ్మ వచ్చి పోసింది. మిగిలినవారు పోశారు. మిరపకాయల ధర, గింజ గింజ విడివిడిగా, గుడి గంటలాగా మోగింది. ఆ వెనకనే నా గురువుగారి గంభీరస్వరం, రవంత బొంగురుకూడా లేకుండా, జిల్లాలో ఒకటి రెండు చోట్ల జల్లులు పడవచ్చునని ఉదయగిరి పురజనులకు విన్నవించింది. సుబ్బరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. అప్పుడు మాత్రం నావంక చూసింది.

మల్లికార్జునంగారు నేను రేడియో మూసేదాకా కూర్చొని, అన్ని పాటలూ విని, తరువాత కలం తీశారు. "పలకతా ఉండాది," అని పైకి చదువుతూ రాశారు.

"రేపు మళ్ళీ ఎండిపోతాది సార్," అన్నాను. సత్యం చెప్పడం నాకు కొత్త.

"రేపు నేను రాను గదయ్యా," అని ఆయన కలానికి మూత పెట్టారు.

కొత్త ప్రభుత్వం నన్ను స్వీకరించింది, తాత్కాలికంగా. మల్లికార్జునంగారిని కూడా ఎవరో చూసి పలుకుతారనే రాసినట్టున్నారు. చాలా కాలం ఆ మేడగదిలోనే ఉన్నారు. ఇవన్నీ తరువాతి సంగతులు. ఆ మరునాటి ఉదయం మాత్రం బస్సులో ఆయన పక్క చోటు ఖాళీగా ఉండింది. అందులో నా భార్య పెట్టె, పరుపుచుట్ట ఎక్కించాము.

రత్తయ్య నన్ను పక్కకు పిలిచాడు. "మండీలో నీ చోటు అట్టనే ఉంటాది బావా. తొందరేం లేదు." ఆగి, బస్సు చక్రం వంక చూస్తూ, "ఆ ధరలు మాత్రం రోజూ విని, షంషుద్దీన్‌తో చెప్పి పంపతా ఉండు. మరిచిపోవద్దు," అన్నాడు.

సుబ్బరత్నమ్మ కిటికీ పక్కన కూర్చున్నది. ఏదైనా బ్రహ్మాండమైన మాట చెప్పి ఆమెను సాగనంపాలని రాత్రినుంచీ వెతుకుతున్నాను. ఒక్కటీ దొరకలేదు.

"పురుడు పోసుకొని వస్తాను," అన్నది ఆమెయే. "పెద్ద చెంబు కుండ పక్కన బోర్లించినాను. రోజూ సందెకు మరిచిపోకుండా పొయ్యండి. మన రేడియో గొంతు పోకూడదు."

బస్సు కదిలింది. కొండ మలుపు తిరిగేదాకా ఆ దుమ్ము వంక చూస్తూ నిలబడ్డాను. ఆకాశంలో మేఘమన్నది లేదు.

సాయంత్రం రహీమాబీ తలుపు తెరవకముందే ఎర్తు గుంట దగ్గరకు పోయాను. రెండు చెంబులు పోశాను. ఒకటి సుబ్బరత్నమ్మ వంతు, ఒకటి నా వంతు.